పెళ్ళికి ముందు అమ్మాయి పళ్ళు: ఒకరు వెనీర్లు వేద్దామంటున్నారు, ఇంకొకరు వద్దంటున్నారు

పర్లాకిమిడి_పద్మ
మా అమ్మాయికి 23 ఏళ్ళు. మాఘమాసంలో ముహూర్తం పెట్టుకున్నాం. పై వరసలో ముందు పళ్ళ మీద పసుపు, గోధుమ రంగు చారలు చిన్నప్పట్నుంచీ ఉన్నాయి. మధ్య రెండు పళ్ళకీ నడుమ సన్నటి సందు కూడా ఉంది. నొప్పి లేదు, పుచ్చు లేదు. ఫోటో అంటే మాత్రం పెదవులు బిగించేస్తుంది. ఒక క్లినిక్‌లో చూపిస్తే ముందు ఎనిమిది పళ్ళకీ వెనీర్లు (పన్ను ముందువైపు అతికించే పలుచటి రేకులు) వేసేద్దాం, రెండు సిట్టింగుల్లో అయిపోతుంది అన్నారు. ఇంకొకరు చూసి ముందు క్లీనింగ్ చేద్దాం, తర్వాత చారల సంగతి పైపైన చూద్దాం, పళ్ళు అరగదీయించకండి అన్నారు. ఇద్దరు చెప్పిన ఖర్చుకీ పొంతనే లేదు. మా ఆయన పెళ్ళికి ఇంత పెడుతున్నాం, ఇదీ పెట్టేద్దాం అంటున్నారు. నాకు మనసొప్పడం లేదు. చేయించుకున్నవాళ్ళు, తెలిసినవాళ్ళు చెప్పండి.

సిల్క్‌సిటీ_శీను
త్వరగా అయిపోతుందన్న మాటకి మొగ్గకండి. పన్ను మీద నుంచి ఏం తీస్తారు, ఎంత తీస్తారు, తీసింది మళ్ళీ వస్తుందా అని అడగండి. జవాబు సరిగ్గా చెప్పకపోతే లేచి వచ్చేయండి.

గుణుపురం_గిరి
క్లీనింగ్ మాత్రం చేయించకండమ్మా. మా మావయ్యకి చేయించినాక పళ్ళు ఊగిపోనాయి. సందులు పడిపోనాయి. అంతవరకూ రాయిలాగుండీవి.

ఇచ్ఛాపురం_ఇందిర
గిరి గారూ, నేను ఏడాదికోసారి చేయించుకుంటాను. ఒకట్రెండు రోజులు చల్లనీళ్ళు తాగితే జివ్వుమంటుంది, అంతే. ఒక్కటీ ఊగలేదు.

డాక్టరమ్మ_రాయగడ
దంతవైద్యురాలిని. ఇక్కడ రోజూ వినే భయమే ఇది కాబట్టి కాస్త వివరంగా చెబుతాను. పళ్ళ మొదట్లో పేరుకున్న పాచిని తీయకపోతే అది ఉమ్మిలోని ఖనిజాలతో గట్టిపడి గార అవుతుంది. గార కట్టాక బ్రష్‌తో రాదు. దాని చుట్టూ చిగురు వాచి, లోపల పన్నుని పట్టుకున్న ఎముక మెల్లగా కరుగుతుంది. ఎముక తగ్గిన పన్ను ఎప్పుడో ఊగాల్సింది, గార గోడలా పట్టి ఉంచడంతో తెలియలేదు. క్లీనింగ్ చేసే స్కేలింగ్ మిషను కొస సన్నగా కంపిస్తూ ఆ గారని రాలగొడుతుంది, పన్నుని కొయ్యదు. గార పోయాక కనబడే సందులు ముందు నుంచీ ఉన్నవే. మీ మావయ్య గారి పళ్ళు వదులైంది చిగుళ్ళ జబ్బుతో. క్లీనింగ్ ఇంకా ముందే చేయించి ఉంటే కొన్ని నిలిచేవి.

గుణుపురం_గిరి
ఆయన పొద్దున్నా సాయంత్రం గుడాకు రుద్దీవోడు. దానికీ దీనికీ సంబంధం ఉందేటి?

డాక్టరమ్మ_రాయగడ
చాలా ఉంది. గుడాకు అంటే పొగాకు, బెల్లపు పాకం. పళ్ళు తోముకునే పేరుతో రోజూ పొగాకుని చిగురుకి పూస్తున్నట్టు. వేలితో రుద్దే చోట చిగురు కిందకి జారి వేరు బయటపడుతుంది. బుగ్గ లోపల తెల్ల మచ్చలు వస్తాయి. మానడం కష్టం, ఎందుకంటే అది పొగాకు అలవాటు. పిల్లలకి కూడా రుద్దించే ఇళ్ళు చూశాను, అది చూసినప్పుడు మాత్రం నాకు కోపం ఆగదు.

ఇచ్ఛాపురం_ఇందిర
మా నాయనమ్మ అడ్డచుట్ట తాగేది. నిప్పు నోట్లో పెట్టుకుని. మా వైపు పెద్దవాళ్ళలో చాలామంది ఆడవాళ్ళు అంతే. అంగిలి తెల్లగా, మధ్యలో ఎర్రచుక్కలతో ఉండేది. అది కూడా ఏదైనా జబ్బేనా డాక్టరమ్మా? మా పెద్దత్తకి ఇంకా ఆ అలవాటు ఉంది.

డాక్టరమ్మ_రాయగడ
శ్రీకాకుళం, గంజాం తీరంలో ఈ అలవాటు పాతదే. నిప్పు వేడి, పొగ రెండూ నేరుగా అంగిలికి తగులుతాయి. మీరు చెప్పిన తెలుపు, ఎర్రచుక్కలు దాని గుర్తులే. అందులో కొన్ని కేన్సర్‌గా మారతాయి. అత్తయ్య గారిని ఒకసారి కూర్చోబెట్టి నోరు పూర్తిగా చూపించండి, నొప్పి లేదని ఊరుకోకండి. ఎవరికైనా సరే, నోట్లో పుండు రెండు వారాల్లో మానకపోతే చూపించి తీరాలి.

ఇచ్ఛాపురం_ఇందిర
ఈ ఆదివారమే తీసుకెళ్తాను. చుట్ట మానమంటే వినదు గానీ డాక్టరు దగ్గరికి రమ్మంటే వస్తుంది.

పర్లాకిమిడి_పద్మ
ఇవన్నీ తెలుసుకోవాల్సినవే, రాయండి. కానీ మా అమ్మాయి సంగతి కూడా కాస్త చూడండి.

డాక్టరమ్మ_రాయగడ
పద్మ గారూ, ఒక ప్రశ్న. అమ్మాయి పుట్టినప్పటి నుంచి ఏడెనిమిదేళ్ళ దాకా ఏ ఊళ్ళో పెరిగింది? ఏ నీళ్ళు తాగింది?

పర్లాకిమిడి_పద్మ
ఆయన ఉద్యోగం అప్పుడు నువాపడా జిల్లాలో. అక్కడే పుట్టింది, రెండో తరగతి దాకా అక్కడే. బోరు నీళ్ళే.

డాక్టరమ్మ_రాయగడ
అనుకున్నాను. నువాపడా ఫ్లోరైడ్ నీళ్ళకి పేరుపడ్డ జిల్లా. తాగునీటిలో లీటరుకి 1 మిల్లీగ్రాము ఫ్లోరైడ్ దాకా మంచిదని, వేరే నీళ్ళు దొరక్కపోతే 1.5 దాకా ఫరవాలేదని మన దేశపు ప్రమాణం. అంతకు మించిన నీళ్ళు తాగుతూ పెరిగితే, దవడ లోపల తయారవుతున్న శాశ్వత దంతాల ఎనామిల్, అంటే పన్ను పైనుండే గట్టి పొర, సరిగ్గా గట్టిపడదు. పళ్ళు వచ్చాక తెల్ల మచ్చలు కనబడతాయి, ఆ వదులు చోట్ల రంగు పట్టి పోనుపోను గోధుమ చారలవుతాయి. ఎనామిల్ తయారవడం అయిపోయిన పెద్దవాళ్ళకి ఇవి కొత్తగా రావు. మీ అమ్మాయి సరిగ్గా తోముకోకపోవడం వల్ల వచ్చినవి కావు, ఆ మాట ముందు ఆమెకి చెప్పండి. ఫోటో చూడకుండా, పన్ను చూడకుండా ఖాయంగా చెప్పలేను గానీ, మీరు రాసిన తీరు చూస్తే ఇది ఫ్లోరోసిస్.

ఇలాంటి చారలకి మెట్టు మెట్టుగా వెళ్ళాలి. మొదట స్కేలింగ్, పాలిషింగ్. దానితో పై మరకలు పోయి అసలు రంగు తేలుతుంది. తర్వాత మైక్రో అబ్రేషన్: పలచటి యాసిడ్, ప్యూమిస్ పొడి కలిపిన ముద్దతో పై పొరని మాత్రం రుద్దుతారు. చిగుళ్ళకి తగలకుండా రబ్బరు షీటు కడతారు. పోయేది మిల్లీమీటరులో ఒకటి రెండు పదో వంతులే. గోధుమ చారలు దీనికి బాగా లొంగుతాయి. తెల్ల మచ్చలు అంతగా లొంగవు, వాటికి లోపలికి ఇంకే రెజిన్ అనే పలచటి ద్రవం ఉంది. కావాలంటే ఆపైన పళ్ళని తెల్లబరిచే బ్లీచింగ్. అన్నీ అయ్యాక కూడా మనసుకి నచ్చకపోతే అప్పుడు వెనీర్.

వెనీర్ అంటే పన్ను ముందువైపు అతికించే పలుచటి పింగాణీ రేకు. అది పట్టడానికి సాధారణంగా అర మిల్లీమీటరు మేర ఎనామిల్ అరగదీస్తారు. వినడానికి తక్కువే. కానీ ఎనామిల్ మళ్ళీ పుట్టదు. బాగా చేసిన వెనీర్ పదీ పదిహేనేళ్ళు వస్తుంది, ఆ తర్వాత మార్చాలి. 23 ఏళ్ళకి మొదలుపెడితే జీవితంలో ఎన్నిసార్లు మార్చాలో మీరే లెక్కేసుకోండి.

బెంగుళూరు_జయపురం
నేను ఒప్పుకోను డాక్టరమ్మా. వెనీర్లంటే ఇంత భయపెట్టాల్సిన పని లేదు. కాలేజీలో క్రికెట్ బంతి తగిలి నా ముందు పన్ను సగానికి విరిగింది, పక్కది రంగు మారింది. ఏళ్ళ తరబడి చెయ్యి అడ్డం పెట్టుకుని మాట్లాడాను. రెండింటికీ వేయించుకున్నాక ఇంటర్వ్యూలో తలెత్తి మాట్లాడగలిగాను. డబ్బు పోతే పోయింది. ఆ అమ్మాయి ఫోటోలో నవ్వలేకపోతోందంటే అది చిన్న బాధ కాదు.

డాక్టరమ్మ_రాయగడ
మీ విషయంలో నేనున్నా అదే చేసేదాన్ని. విరిగిన పన్నుకి అది వైద్యమే. బాధ చిన్నదని నేనూ అనడం లేదు. నా అభ్యంతరం ఒక్కటే: గట్టిగా ఉన్న ఎనిమిది పళ్ళని, తేలిక దారి ఒకటి ప్రయత్నించకుండానే, ముహూర్తం తొందరలో అరగదీయడం. చారలు రుద్దించుకున్నాక కూడా వెనీర్ వేయించుకోవచ్చు. వెనీర్ వేయించుకున్నాక వెనక్కి రాలేం.

కాశీబుగ్గ_కామేశ్
పెళ్ళికొడుకు పళ్ళు ఎవరైనా చూశారా?

సిల్క్‌సిటీ_శీను
😄 ఇద్దరికీ కలిపి క్లీనింగ్ చేయించండి పద్మ గారూ, వియ్యంకులకి కూడా చెప్పండి.

రాయగడ_రమణ
యూట్యూబ్‌లో నిమ్మరసం, వంటసోడా కలిపి రుద్దితే తెల్లబడతాయంటున్నారు. బొగ్గు పేస్టు కూడా ఇప్పుడు షాపుల్లో ఉంది. వీటితో పని అవ్వదా?

డాక్టరమ్మ_రాయగడ
నిమ్మరసం యాసిడ్. ఎనామిల్‌ని మెత్తబరుస్తుంది, ఆ మెత్తటి దాని మీద సోడా వేసి రుద్దితే అరుగుతుంది. బొగ్గు గరుకు, పై మరక పోయి తెల్లబడినట్టే కనిపిస్తుంది. కొన్నాళ్ళకి ఎనామిల్ పలచబడి, లోపలి డెంటిన్ సహజంగానే పసుపు కాబట్టి పన్ను ఇంకా పచ్చగా తేలుతుంది. అసలు బ్లీచింగ్ జరిగేది పెరాక్సైడ్‌తో. క్లినిక్‌లో ఘాటైనది పెడతారు, ఇంట్లోకైతే మీ పళ్ళ అచ్చు తీసి ట్రే చేసి పలచటి జెల్ ఇస్తారు. కొన్నాళ్ళు జివ్వుమంటుంది, తర్వాత తగ్గుతుంది. పుచ్చు, పగులు ఉంటే ముందు అవి బాగుచేయాలి. క్యాప్ మీద, సిమెంటు ఫిల్లింగ్ మీద బ్లీచింగ్ పనిచేయదు, అవి పాత రంగులోనే ఉండిపోతాయి. టీ, పాన్ మానకపోతే ఆ తెలుపు కూడా నిలవదు.

గుణుపురం_గిరి
పాన్ మానమంటే బరంపురం ఖాళీ అయిపోద్ది.

సిల్క్‌సిటీ_శీను
మా ఊరి మీద పడకండి. గుణుపురంలో ఎవరూ నమలరా?

పర్లాకిమిడి_పద్మ
మా అమ్మాయికి ఈ చర్చంతా చూపించాను. తనే రాస్తానంది. కింద రాసింది తనే.

నేను పద్మ గారి అమ్మాయిని. ఇంట్లో అందరూ నా పళ్ళ గురించే మాట్లాడుతున్నారు, నాకేం కావాలో ఎవరూ అడగలేదు. నాకు గోధుమ చారలు పోతే చాలు. బడిలో "పళ్ళు తోమవా" అని అడిగేవాళ్ళు, ఆ మాట గుర్తొచ్చే నవ్వను. సందు నాకు ఇష్టమే, మా అమ్మమ్మకీ అలాగే ఉంది. దాన్ని పూడ్పించుకోను. డాక్టరు గారూ, నీళ్ళ వల్ల వచ్చిందని మీరు రాసింది చదివి చాలాసేపు అలాగే కూర్చున్నాను. రుద్దించుకోవడానికి నేను సిద్ధం. సందు వదిలేస్తే ఏమైనా నష్టమా?

డాక్టరమ్మ_రాయగడ
ఏ నష్టం లేదమ్మా. చిగురు బాగుండి, సందు పెరగకుండా ఉంటే అలాగే ఉంచుకో. పెద్దయ్యాక సందు కొత్తగా వెడల్పు అవుతుంటే మాత్రం చూపించు, అది చిగుళ్ళ జబ్బు కావచ్చు. ఎప్పుడైనా మనసు మారితే పన్ను కొయ్యకుండానే కాంపోజిట్ అనే పన్ను రంగు ఫిల్లింగ్‌తో పూడ్చొచ్చు. బ్లీచింగ్ చేయించుకుంటే అది అయిన రెండు వారాలకి గానీ కాంపోజిట్ పెట్టించుకోకు, అప్పుడే రంగు నిలకడకి వస్తుంది, అతుకు బాగా పడుతుంది. శ్రీకాకుళం దగ్గర చాపురంలో డెంటల్ కాలేజీ ఉంది, పాతపట్నం మీదుగా మీకు దగ్గరే. మైక్రో అబ్రేషన్ చేస్తారా అని ముందు ఫోన్‌లో కనుక్కుని వెళ్ళండి.

బెంగుళూరు_జయపురం
చెల్లెమ్మా, నీ మాట నాకు నచ్చింది. నేను పైన రాసింది మీ అమ్మగారి మాట చదివి. నీకు కావల్సింది నువ్వు చేయించుకో.

జయపురం_జానకి
దారి మళ్ళిస్తున్నందుకు ఏమనుకోకండి. మా బాబుకి ఏడేళ్ళు. కింద చివరి పన్నులో నల్లగా గొయ్యి పడింది. పాలపన్నే కదా, ఊడిపోతుందిలే అని మా అత్తగారు అంటున్నారు.

డాక్టరమ్మ_రాయగడ
చివరి పన్నా? జానకి గారూ, అది పాలపన్ను కాకపోవచ్చు. లెక్కపెట్టండి. మధ్య నుంచి ఒక పక్కకి పాలపళ్ళు అయిదే. ఆరోది ఉంటే అది శాశ్వత దవడ పన్ను. ఆరేళ్ళప్పుడు ఏ పన్నూ ఊడకుండానే పాలపళ్ళ వెనక నిశ్శబ్దంగా వచ్చేస్తుంది, అందుకే పెద్దవాళ్ళు గమనించరు. అది పోతే మళ్ళీ రాదు.

జయపురం_జానకి
ఇప్పుడే టార్చి వేసి చూశాను. ఆరోదే.

డాక్టరమ్మ_రాయగడ
ఈ వారంలోనే తీసుకెళ్ళండి. గొయ్యి పైపైనే ఉంటే ఫిల్లింగ్‌తో పోతుంది. మిగతా మూడు ఆరో పళ్ళకి, పుచ్చకపోతే, సీలెంట్ పెట్టమని అడగండి. నమిలే వైపు లోతైన గాడులుంటాయి, బ్రష్ వెంట్రుక దూరదు. సీలెంట్ వాటిని మూసేస్తుంది. సూది లేదు, నొప్పి లేదు.

అత్తయ్య గారికి ఇంకో మాట చెప్పండి. పాల దవడ పళ్ళు పదీ పన్నెండేళ్ళ దాకా ఉండాలి. అవి కింద వచ్చే పళ్ళకి చోటు పట్టి ఉంచుతాయి. ముందే పీకిస్తే పక్కవి జరిగిపోయి, కొత్తవి వంకరగా వస్తాయి. తప్పక పీకాల్సి వస్తే ఆ చోటు నిలిపే చిన్న తీగ పెడతారు. ఇప్పుడు వదిలేస్తే తర్వాత క్లిప్పులకి ఏడాదిన్నర, రెండేళ్ళు తిరగాలి.

ఇచ్ఛాపురం_ఇందిర
చిన్నపిల్లలకి పేస్టు ఎంత పెట్టాలో కూడా చెప్పండి. ప్రకటనల్లో బ్రష్ నిండా పిండుతారు.

డాక్టరమ్మ_రాయగడ
మూడేళ్ళ లోపు బియ్యపు గింజంత, మూడు నుంచి ఆరేళ్ళ దాకా బఠాణీ గింజంత. ఫ్లోరైడ్ ఉన్న పేస్టే, మింగకుండా పక్కనుండి చూసుకోవాలి. పైన ఫ్లోరైడ్ నీళ్ళ గురించి చదివి పేస్టు మానేయకండి. రోజూ కడుపులోకి పోయే నీళ్ళు వేరు, తోమి ఉమ్మేసే పేస్టు వేరు.

రాయగడ_రమణ
మా నాన్నగారికి పై దవడ పన్ను పుచ్చి చీము పట్టింది. పై పన్ను పీకితే చూపు పోతుందని ఒప్పుకోవడం లేదు. సంతలో ఒకాయన మందు పెట్టి పురుగు తీస్తానంటున్నాడట.

డాక్టరమ్మ_రాయగడ
పన్నులో పురుగు ఉండదు. పన్ను నరం వేరు, కంటిచూపు నరం వేరు. పన్ను తీయించుకుంటే చూపు పోదు. నిజానికి చీమును అలా వదిలేస్తేనే అది పైకి పాకి కంటి చుట్టూ వాపు తెచ్చే ప్రమాదం ఉంది. ముఖం వాచినా, జ్వరం వచ్చినా, నోరు తెరవలేకపోయినా ఆ రోజే ఆసుపత్రికి.

కాశీబుగ్గ_కామేశ్
సంతలో కూర్చునే వాళ్ళ గురించి నేనూ చెప్తా. మా పెద్దమ్మకి ఒకడు ఊడిన పన్ను స్థానంలో గులాబీ రంగు ముద్ద, తీగ వేసి పక్క పళ్ళకి అతికించేశాడు. తీయడానికి రాదు, కడగడానికి రాదు. దాని కింద తిండి కుళ్ళి, మంచి పళ్ళు రెండు పోయాయి. బోర్డు మీద బీడీఎస్ (దంతవైద్యపు డిగ్రీ) అని, రాష్ట్ర డెంటల్ కౌన్సిల్ నమోదు నంబరు ఉందా అని చూడండి. 1948 నుంచీ దానికి చట్టం ఉంది. అడిగితే తప్పేం కాదు.

గుణుపురం_గిరి
రమణ గారూ, పీకించీండి, పీడా పోద్ది. రూట్ కెనాల్ అంటే నరం తీసీసి చచ్చిన పన్ను నోట్లో ఉంచుకోవడమే కదా.

సిల్క్‌సిటీ_శీను
గిరీ, నాకు చేసిన పన్నుతోనే జీడిపప్పు కొరుకుతున్నాను. పీకించిన చోట ఖాళీకి మళ్ళీ ఏదో ఒకటి పెట్టించాలి, ఖర్చు అక్కడ మొదలవుతుంది.

డాక్టరమ్మ_రాయగడ
శీను గారు చెప్పింది నిజం. లోపలి గుజ్జు తీసి, గొట్టాలు శుభ్రం చేసి, గట్టాపెర్చా అనే చెట్టుపాల పదార్థంతో నింపుతాం. పన్ను చుట్టూ ఉన్న ఎముక, చిగురు బతికే ఉంటాయి, అవే దాన్ని పట్టి ఉంచుతాయి. దవడ పన్నుకి ఆపైన క్యాప్ వేయించుకోవాలి. నొప్పి పోయింది కదా అని క్యాప్ మానేస్తే ఏదో ఒకనాడు నిలువునా చీలుతుంది, అప్పుడు పీకక తప్పదు. రమణ గారి నాన్నగారికి ఎక్స్‌రే చూశాకే చెప్పాలి, పన్ను మిగిలి ఉంటే నిలబెట్టొచ్చు. ఆయన రక్తం పలచబడే మాత్రలు వేసుకుంటున్నారా?

రాయగడ_రమణ
గుండెకి స్టెంట్ వేశారు. వేసుకుంటున్నారు. పీకించే ముందు ఆపేయమని పక్కింటాయన అన్నాడు.

డాక్టరమ్మ_రాయగడ
వద్దు, సొంతంగా ఆపకండి. స్టెంట్ ఉన్నవాళ్ళు ఆపితే గుండెకే ప్రమాదం. గుండె డాక్టరుని అడిగి, ఆయన రాసిన చీటీతో రండి. రక్తం ఆపడానికి మా దగ్గర దారులున్నాయి. పీకిన తర్వాత దూది అరగంట పైనే గట్టిగా కొరికి పట్టాలి, ఆ రోజంతా పుక్కిలించకూడదు, ఉమ్మకూడదు, బీడీ అసలే వద్దు. గడ్డకట్టిన రక్తం ఊడిపోతే గుంతలో ఎముక బయటపడి భరించలేనంత నొప్పి వస్తుంది.

గుణుపురం_గిరి
అయితే మావయ్య సంగతి చెప్పండి. కింద రెండు పళ్ళు పోయినాయి. బ్రిడ్జి అంటున్నారు, ఇంప్లాంట్ అంటున్నారు. షుగర్ ఉంది. గుడాకు మానీసినాడు, మొన్న మీరు రాసింది చదివి వినిపించినాను.

డాక్టరమ్మ_రాయగడ
మానేశారా! అది ముందు సంతోషించాల్సిన వార్త గిరి గారూ.

బ్రిడ్జి త్వరగా అవుతుంది, కానీ అటూ ఇటూ ఉన్న పళ్ళని అరగదీసి కట్టుడు పళ్ళని వాటి మీద ఆనిస్తారు. ఆ పక్క పళ్ళే చిగుళ్ళ జబ్బుతో వదులుగా ఉంటే బరువు మోయలేవు. ఇంప్లాంట్ ఎముకలో పెట్టే టైటానియం మర. టైటానియంతో ఎముక అతుక్కుంటుందని స్వీడన్‌లో బ్రోనెమార్క్ కనిపెట్టి, 1965లో మొదటి రోగికి పెట్టాడు. అది అతుక్కోవడానికి మూడు నుంచి ఆరు నెలలు ఆగాలి. షుగర్ అదుపులో ఉంటే పెట్టొచ్చు, అదుపు తప్పినా, పొగాకు మళ్ళీ మొదలుపెట్టినా విఫలమయ్యే అవకాశం పెరుగుతుంది. చిగుళ్ళు బాగుచేయకుండా ఏదీ మొదలుపెట్టకండి. ఈలోగా తీసి పెట్టుకునే సెట్టు చేయించుకుంటే చాలు, చవకే. రాత్రి తీసి మామూలు నీళ్ళలో ఉంచాలి, మరిగే నీళ్ళలో వేస్తే వంకర పోతుంది.

గుణుపురం_గిరి
బరంపురం ఎంకేసీజీ సర్కారు ఆసుపత్రిలో చూపించుకోవచ్చా? ప్రైవేటులో అంత పెట్టలేం.

సిల్క్‌సిటీ_శీను
అక్కడ దంత విభాగం ఉంది. పొద్దున్నే ఓపీ చీటీ తీసుకోవాలి, ఆలస్యమైతే నిలబడలేరు. షుగర్ రిపోర్టు, వేసుకునే మందుల చీటీ పట్టుకెళ్ళండి. ముందురోజు రాత్రికే వచ్చేయండి, మా ఇంట్లో పడుకోవచ్చు. ఒడియాలో మాట్లాడాల్సిన చోట నేను పక్కనుంటాను.

గుణుపురం_గిరి
సోమవారం బయల్దేరతాం. మావయ్యకి మెత్తటి అన్నం వండించండి, పప్పు ఉంటే చాలు.